మా దాకలో పులుసు

సాయిబులనగానే మీకు బిర్యానీ గుర్తొస్తుంది. మాకు గుర్తొచ్చేది చేపల పులుసు.

మాతో కాస్త పరిచయమయ్యాక ఎవరైనా అడిగే మాట ఒకటే. 'ఏం భాయ్, బిర్యానీ ఎప్పుడు పెడుతున్నావు?' బడిలో అడిగారు, కాలేజీలో అడిగారు, ఉద్యోగాల్లో చేరాక కూడా అడుగుతున్నారు. ప్రేమగానే అడుగుతారు. మేమూ నవ్వుతాం. అయితే మా ఇంట్లో బిర్యానీ పొయ్యెక్కింది ఏడాదికి రెండుసార్లు. రంజాన్ పండక్కి ఒకసారి, బక్రీద్‌కి ఎవరైనా ఖుర్బానీ వాటా పంపితే ఇంకోసారి. మిగతా 363 రోజులు మేమేం తిన్నామో ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి మేమే చెప్పుకోవాలి.

మాది నెల్లూరుకి తూర్పున, మైపాడు రోడ్డులో ఇందుకూరుపేట దాటాక లోపలికి పోయే ఊరు. సముద్రం మీదుగా గాలి తిరిగితే ఇంట్లో ఉప్పు డబ్బా చెమర్చేది. ఊళ్లో సాయిబుల ఇళ్లు ఇరవైకి మించి లేవు. ఒక చిన్న మసీదు, ఒక పీర్ల చావడి. సెంటు భూమి లేదు. అబ్బాది కుట్టు మిషను మీద బతుకు. అమ్మీ నాట్లకీ కోతలకీ పోయేది. ముస్లిం ఆడవాళ్ల పరదా గురించి పత్రికల్లో చర్చలు వస్తుంటే, నడుముకి కొంగు బిగించి బురదలో దిగే అమ్మీని చూసుకుని ఇదెవరి గురించి రాస్తున్నార్రా అనుకునేవాళ్లం.

నెల్లూరంటేనే వరి. నెల్లు అంటే వడ్లు, అందుకే ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. మొలగొలుకుల బియ్యం పేరు తెలియని తెలుగువాళ్లు మా పెద్దల కాలంలో లేరు. ఆ బియ్యం పండిన నేలలో పుట్టాం గానీ ఆ బియ్యం తిని పెరగలేదు. కూలికొచ్చిన వడ్లు ఉన్నన్నాళ్లు అవి, అయిపోతే రేషను బియ్యం. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక రెండుపూటలా అన్నం అన్నది మా ఇంట్లో మామూలు విషయమైంది. అంతకుముందు రాత్రిపూట సంగటి ముద్దో, లేకపోతే పొద్దుటి చద్దే.

అన్నంలోకి ఏముంది అంటే, ఏముంటుంది, పులుసే.

మైపాడు నుంచి పట్టపు ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని తెల్లారేసరికి వచ్చేవాళ్లు. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు. వంజరం, చందువ లాంటివి గంపలో ఉన్నా మా వీధిలో దించేవాళ్లు కాదు. అవి పెద్ద వీధికి. అబ్బా వాళ్లకి రైకలు కుట్టిపెట్టేవాడు, వాళ్లు కూలికి బదులు చేపలిచ్చేవాళ్లు. రైకకి ఇన్ని కవళ్లని లెక్క. కాలవల్లో, చెరువుల్లో నీళ్లు తగ్గే కాలంలో యానాదులు కొర్రమీనులూ బొమ్మిడాయిలూ తెచ్చేవాళ్లు. బొమ్మిడాయిలు దొరికిన రోజు అబ్బా మిషను తొందరగా కట్టేసేవాడు.

పులుసు ఎలా చేస్తారో చెప్పకుండా ముందుకు పోలేం, క్షమించాలి. మట్టిదాక ఉండాలి. కొత్తదాక పనికిరాదు, నాలుగు రోజులు గంజి పోసి కాచి, మట్టివాసన పోయాకే పులుసుకి దిగాలి. చింతపండు కొత్తదైతే పులుసు ఎర్రగా వస్తుంది, పాతదైతే నల్లగా, చిక్కగా వస్తుంది. మా ఇంట్లో పాతదే. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కారం, ధనియాల పొడి, వేయించి దంచిన మెంతుల పొడి చిటికెడు. మెంతి ఒక్క పిసరు ఎక్కువైతే అంతా చేదు. పులుసు మరిగి నూనె పైకి తేలాకే చేప ముక్కలు. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, గుడ్డతో దాక పట్టుకుని కుదపాలి. మామిడికాయల కాలమైతే ముక్కలు కోసి వెయ్యాలి. ఆ పుల్లదనం చింతపండు పుల్లదనం కాదు, వేరు. దించాక తినకూడదు. రాత్రంతా ఉంచి తెల్లారి చద్దన్నంలో వేసుకోవాలి. ఈ చివరి నియమాన్ని ఇంట్లో ఒక్కరోజు కూడా మేం పాటించనిచ్చిన పాపాన పోలేదు.

పక్కింటి పెద్దమ్మా ఇలాగే చేసేది. 'ఏమ్మే బూబమ్మా, మీ ఇంట్లో మామిడికాయలున్నాయా' అని గోడ మీదుగా అడిగేది. 'ఉండాయి పెద్దమ్మా, నీ దాక్కి ఎన్ని కావాల' అని అమ్మీ అడిగేది. రెండు దాకలకీ తేడా ఒక్కటే. దించేటప్పుడు అమ్మీ బిస్మిల్లా అనేది, ఆమె గోవిందా అనేది. ఇంట్లో మేం మాట్లాడే ఉర్దూలో కూడా దానికి వేరే పేరు లేదు. 'మచ్లీ కా పులుసు' అనే అంటాం. హైదరాబాదు వాళ్లు విని నవ్వుతారు. నవ్వనివ్వండి. దక్కన్ నుంచో ఆర్కాటు నుంచో మా తాతలు ఏ మాట తెచ్చుకున్నారో తెలీదు గానీ, పులుసు అనే మాట ఈ నేలే ఇచ్చింది. చింతపండుతో పాటే వచ్చింది.

గరిటె మాత్రం ఉదయగిరిది. ఎవరైనా ఉదయగిరి వైపు పోతే కొయ్య గరిటెలు తెమ్మని అమ్మీ పురమాయించేది. ఆ దుర్గం కొండల్లో దొరికే నర్ది లాంటి కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే పని అక్కడ తరతరాలుగా నడుస్తోంది. చెక్కేవాళ్లలో ముస్లిం ఆడవాళ్లు చాలామంది. ఇప్పుడవి నగరాల్లో హస్తకళల దుకాణాల్లో అమ్ముతున్నారు. కొన్నవాళ్లు డ్రాయింగ్ రూముల్లో అందంగా పెట్టుకుంటున్నారు. నెల్లూరు జిల్లా రుచుల గురించి రాసే పెద్దమనుషులు చేపల పులుసు గురించి పేజీలు రాస్తారు. అందులో ఒక సాయిబు దాక ఉండదు, ఆ దాక పక్కన గరిటె చెక్కిన బూబమ్మ చెయ్యీ ఉండదు. మా వంతు వచ్చేసరికి మళ్లీ బిర్యానీయే.

పండగల తిండి వేరు. పీర్ల పండక్కి మలీదా, చొంగెలు. రొట్టెలు కాల్చి, నలిపి, బెల్లం నెయ్యి కలిపి ముద్ద చేస్తే మలీదా. ఊళ్లో అన్ని కులాల వాళ్లూ బెల్లం, కొబ్బరికాయలు తెచ్చి పీర్ల దగ్గర పెట్టేవాళ్లు. పీరు ఎత్తుకునే వాళ్లలో సాయిబులకంటే మిగతావాళ్లే ఎక్కువ. ఇక కసుమూరు దర్గాకి కందూరి. మొక్కు తీరిన వాళ్లు మేకపోతుని తీసుకుని, గిన్నెలూ బియ్యమూ బండిలో వేసుకుని వెళ్లి, చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండి, ఫాతిహా ఇప్పించి, నలుగురికీ పెట్టి తిని వచ్చేవాళ్లు. హిందువులూ కందూరి చేస్తారు. మా పక్కింటి పెద్దమ్మ కొడుక్కి కాలు బాగుపడితే కసుమూరులో కందూరి చేసింది. అబ్బానే వెంట తీసుకుపోయింది, జిబా సరిగ్గా జరిగిందో లేదో చూడమని. ఆ రోజుల్లో ఎవరి దేవుడికి ఏ పద్ధతిలో వండాలో ఆ పద్ధతిలో వండాలన్న పట్టింపు ఆమెకే ఎక్కువ.

ఊళ్లో కుట్టు పని తగ్గింది. రెడీమేడ్ చొక్కాలొచ్చాయి. అబ్బా మిషనుని బస్సు మీదెక్కించి నెల్లూరు కోటమిట్టకి తెచ్చాడు. పేరుకి ఇరవై కిలోమీటర్లు, మాకది వేరే దేశం. మొదటిసారి మా లాంటి పేర్లున్న వాళ్లు వీధినిండా కనిపించారు. మొదటిసారి కుస్కా తిన్నాం, దాల్చా తిన్నాం. కుస్కా అంటే ముక్కలు లేని బిర్యానీ. దాల్చా అంటే పప్పులో ఎముకలూ సొరకాయో వంకాయో వేసి చింతపండు పిండిన చారు. ముక్కలు కొనలేని వాళ్లు బిర్యానీ వాసనతో, ఎముక రుచితో కడుపు నింపుకునే ఏర్పాటు అది. ఎవరు కనిపెట్టారో గానీ పేదవాళ్ల సంగతి బాగా తెలిసినవాళ్లు. ట్రంకు రోడ్డు మీద మలై కాజా అద్దాల వెనక చూడటమూ అప్పుడే. చూడటం వరకే.

మా మామూ ఒక బావర్చీ దగ్గర చేయి కింద పనిచేసేవాడు. పెళ్లిళ్ల కాలంలో మమ్మల్నీ వెంట తీసుకుపోయేవాడు, ఉల్లిపాయలు తరగడానికి. తెల్లవారుజామున మూడింటికి సరుగుడు కట్టెలు అంటించేవాళ్లు. ఇసుక నేలల్లో పెరిగిన సరుగుడు కట్టె నిలకడగా మండుతుందని, డేగిషా కింద అదే ఉండాలని బావర్చీ పట్టు. బియ్యాన్ని పడితో కొలిచేవాళ్లు. పడికి ఇంత మాంసం, ఇంత పెరుగు, ఇన్ని లవంగాలని కాగితం మీద ఎక్కడా ఉండదు, అంతా ఆయన వేళ్ల మీద. బియ్యం మూడొంతులు ఉడకగానే వార్చి, మాంసం మీద పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి, మూత మీద నిప్పులు పోసేవాడు. అక్కణ్నుంచి ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే దమ్ము చెడుతుందా అని మేం నవ్వితే గరిటె విసిరేవాడు.

దావత్‌లో మేం దస్తర్‌ఖాన్ మీద కూచోలేదు. అందరూ తిన్నాక, పనివాళ్లతో పాటు డేగిషా చుట్టూ కూచుని అడుగున పట్టిన మాడు గోక్కుని తినేవాళ్లం. నెయ్యీ మసాలా అంతా దిగేది అక్కడికే కాబట్టి నిజానికి అదే గొప్ప ముక్క. ఈ సంగతి ఖాన్‌దానీ ఇళ్లవాళ్లకి తెలీదు. వాళ్లు మా ఉర్దూ విని నవ్వేవాళ్లు. 'పల్లెటూరి వాళ్లు, పులుసు వాసన పోలేదు' అనేవాళ్లు. దర్జీలు, దూదేకులవాళ్లు, ఫకీర్లు ఒక పంక్తి, వాళ్లొక పంక్తి. ఇస్లాంలో కులాలు లేవని మసీదులో విన్నదే, ఆ పెళ్లి పందిట్లో కనపడలేదు. బయటివాళ్లు మమ్మల్నందర్నీ ఒకే డేగిషాలో వేసి ఉడికిస్తారు గానీ, లోపల మా పంక్తులు మాకున్నాయి. ఇదీ చెప్పాలి. చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

రంజాన్ నెలలో మాత్రం ఈ తేడాలు కొంచెం సర్దుకునేవి. అసర్ నమాజు అయ్యేసరికి మసీదు వెనక గంజి సిద్ధమయ్యేది. బియ్యపు నూక, పెసరపప్పు, పుదీనా, అల్లం వెల్లుల్లి, ఎవరైనా ఇస్తే గుప్పెడు ఖీమా. క్యారియర్లూ చెంబులూ పట్టుకుని పిల్లలం వరసలో నిలబడేవాళ్లం. ఆ వరసలో హిందూ పిల్లలూ ఉండేవాళ్లు. జ్వరమొచ్చి లేచిన వాళ్లకి మసీదు గంజి మంచిదని పెద్దవాళ్లు అడిగి పట్టుకుపోయేవాళ్లు. ఇప్పుడు రంజాన్ వస్తే నెల్లూరు రోడ్ల మీద హలీం బోర్డులు వెలుగుతున్నాయి. హైదరాబాదు హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, మేమూ తింటాం. కానీ మా రంజాన్‌కి గుర్తు హలీం కాదు, గంజి. గంజికి బోర్డుండదు, ధర ఉండదు, అందుకే పత్రికలో ఫోటో ఉండదు.

1992 డిసెంబర్ 6 తర్వాత వచ్చిన రంజాన్ మాకు బాగా గుర్తుంది. అప్పటికి కోటమిట్ట నుంచి మారి, అన్ని మతాల వాళ్లూ ఉండే వీధిలో అద్దెకున్నాం. పండగ రోజు ఎప్పట్లాగే అమ్మీ సేమ్యా గిన్నెల్లో పోసి, పైన చేతిరుమాలు కప్పి, ఎనిమిది ఇళ్లకి మాతో పంపింది. ఆరు ఇళ్లు తీసుకున్నాయి. రెండిళ్ల నుంచి 'ఒంట్లో బాగాలేదు, తీపి తినకూడదన్నారు' అని గిన్నెలు అలాగే వెనక్కొచ్చాయి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. నెల్లూరులో గొడవలేమీ మేం చూడలేదు. ఆ రెండు గిన్నెల్నీ అమ్మీ మాట్లాడకుండా అల్మరాలో పెట్టింది. మర్నాడు సేమ్యా గట్టిపడితే నీళ్లు పోసి వేడిచేసి మాకే పెట్టింది. మరుసటి ఏడు ఆరు గిన్నెలే పోసింది.

ఆ వీధిలోంచి లేచాక ఇల్లు దొరకడం కష్టమైంది. ఇల్లు చూపిస్తారు, అద్దె చెప్తారు, పేరు అడుగుతారు. తర్వాత అడిగేది 'నాన్‌వెజ్ తింటారా?' అని. నెల్లూరులో ఈ ప్రశ్న! ఆదివారం చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి చోటుండని ఊళ్లో! ఒక ఇంటాయన్ని మేమే అడిగాం, మీరు తినరా అని. ఆయన మొహమాటపడుతూనే అన్నాడు, 'తింటామనుకోండి, మీరు తినేది వేరు కదా.'

ఆయన పేరు పెట్టి అనలేకపోయినది మేం అంటాం. బడా గోష్. తిన్నాం. మతం తినమని చెప్పలేదు, చౌక అని తిన్నాం. పొట్టేలు మాంసం కొనే స్తోమత లేని ఇంట్లో వారానికోసారి పిల్లల ఒంటికి కాస్త బలం దానితోనే వచ్చింది. మాదిగ పల్లెలో వాళ్లూ అందుకే తిన్నారు. గోవధని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1977లోనే చట్టం వచ్చింది. ఆవు జోలికి మేం పోలేదు, మా కసాయీ తెచ్చింది పని అయిపోయిన దున్నపోతుల్నే. అయినా పాత పేపర్లో రెండు మడతలు చుట్టి, సంచి అడుగున పెట్టి, పైన కూరగాయలు కప్పి తెచ్చేవాడు అబ్బా. దొంగసొమ్ము కాదు, డబ్బిచ్చి కొన్నదే. అన్నం తినడానికి భయపడటం ఏమిటో పిల్లలుగా మాకా సంచి మోసినప్పుడే తెలిసింది.

ఇదే నెల్లూరులో మొహర్రం నెలలో రొట్టెల పండగ జరుగుతుంది. స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా, పన్నెండుమంది అమరుల సమాధులు. చెరువులో దిగి, తలకి గుడ్డ కట్టుకుని, రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె. ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. 2015లో దీన్ని రాష్ట్ర పండగ చేశారు. ఆ నాలుగైదు రోజులు మా ఇళ్లలో రొట్టెలు కాల్చీ కాల్చీ ఆడవాళ్ల వేళ్లు బొబ్బలెక్కుతాయి. నీళ్లలో నిలబడి 'ఉద్యోగం రొట్టె ఎవరిది, ఉద్యోగం రొట్టె' అని అరుస్తుంటే, అమ్మీ చేతి రొట్టె కోసం బొట్లు పెట్టుకున్న పిల్లలు పోటీపడి వచ్చేవాళ్లు. తుంచి, కళ్లకద్దుకుని, అక్కడే తినేవాళ్లు. ఎవరు కాల్చారు, ఏ గిన్నెలో పిండి కలిపారు, ఆ గిన్నెలో అంతకుముందు ఏం వండారు అని ఒక్కరూ అడగరు. చూస్తుంటే కడుపు నిండుతుంది.

అందులో ఒకాయన మాకు తెలిసినవాడు. మా దగ్గర సొంతింటి రొట్టె తీసుకున్నాడు. నాలుగేళ్లకి ఇల్లు కట్టాడు, సంతోషంగా రొట్టె తెచ్చి తీర్చుకున్నాడు కూడా. పైభాగం అద్దెకిస్తున్నారని తెలిసి వెళ్లాం. కుర్చీలు వేశాడు, యోగక్షేమాలు అడిగాడు. ఇల్లు మాత్రం వేరేవాళ్లకి మాటిచ్చేశానన్నాడు. మూణ్నెల్లు ఆ ఇల్లు ఖాళీగానే ఉంది. చెరువులో మా రొట్టె అందుకున్న చేతికి, ఇంటి తాళం మా చేతిలో పెట్టడానికి ఏం అడ్డొచ్చిందో ఇప్పటికీ అడగాలనే ఉంది.

ఈలోగా మా ఊరి పులుసే మారిపోయింది. 1990ల మొదట్లో వరి మళ్లు తవ్వి రొయ్యల గుంటలు చేశారు. రెండేళ్లు డబ్బు పారింది, తర్వాత తెల్లమచ్చ రోగమొచ్చి అప్పులు మిగిలాయి. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరంలో గుంటలు తీసేయమంది. తర్వాత 2009 నుంచి వనామీ వచ్చింది, గుంటలు మళ్లీ నిండాయి. నాట్లకి పోయిన అమ్మీ తరం పని పోయింది. ఇప్పుడు మా చిన్నమ్మ కూతుళ్లు కంపెనీ బస్సెక్కి, మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసే పనికి పోతున్నారు. పండేది మా ఊళ్లో, తినేది అమెరికాలో. 2025లో వాళ్లు సుంకం పెంచితే ఇక్కడ గట్టు మీద రొయ్య ధర పడింది. గంపల వాళ్లు తగ్గిపోయారు. కాలవల్లో బొమ్మిడాయిలు కనపడటం లేదు. బజార్లో దొరికేది చెరువుల్లో పెంచిన బొచ్చె, శీలావతి. వాటితో పులుసు పెడితే అమ్మీ తింటుంది గానీ, దాన్ని పులుసు అని ఒప్పుకోదు. 'చేప కూర' అంటుంది.

మా ఇంటి ఆడపిల్ల ఒకతె ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. గది దొరకడానికి నెలన్నర పట్టింది. చివరికి మాంసం, చేపలు, గుడ్డు కూడా వండనని ఒప్పుకుంటే ఇచ్చారు. అక్కడ ఆఫీసు వాళ్లు ఆమెనీ బిర్యానీయే అడుగుతారట. మొన్న రాత్రి ఫోను చేసింది. పులుసు తినాలని ఉంది నానీ, ఏం చెయ్యాలి అని. అమ్మీ కాసేపు ఆలోచించి చెప్పడం మొదలుపెట్టింది. 'మసాలా అంతా అదే. మెంతిపొడి మర్చిపోవద్దు. చేప బదులు వంకాయలు నిలువుగా నాలుగు చీల్చి వెయ్యి, తొడిమె తియ్యొద్దు. మామిడికాయ దొరుకుతుందా ఆడ? దొరికితే తొక్కతోనే ముక్కలు కొయ్యి. చింతపండు పాతది చూసి కొను. గరిటె పెట్టబాక, చెదిరిపోతాది. గిన్నె పట్టుకుని కుదుపు.' దాక లేదు నానీ, స్టీలు గిన్నే అంది పిల్ల. 'అయితే సన్నసెగ మీద ఉంచు. ఈ రాత్రికి తినబాక, రేపు పొద్దున తిను' అంది అమ్మీ.